సినేరియోలో వన్స్‌మోర్‌లు

1941 ఆగస్టులో బందరు హైస్కూల్లో తెలుగు అసిస్టెంటు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, గుడివాడలో కొత్తగా పెట్టిన ఒక చిత్ర నిర్మాణ సంస్థలో సినేరియో రచయితగా చేరాను. సంస్థ పేరు చెప్పను. అది తీసింది ఒక్కటే సినిమా. చూసినవాళ్లు ఈపాటికి మరిచిపోయి ఉంటారు, గుర్తుచేయడం మర్యాద కాదు. ఆఫీసు ఒక రైస్‌మిల్లు వసారాలో ఉండేది. మిల్లు యజమాని కోటయ్యగారే సంస్థకీ యజమాని. ఆయనకి ధాన్యం సంగతి క్షుణ్ణంగా తెలుసు. సినిమా సంగతి అంతకన్నా బాగా తెలుసని ఆయన నమ్మకం.

సినేరియో అంటే ఇప్పుడు స్క్రీన్‌ప్లే అంటున్నదే. కథని ముందు నాలుగు పేజీల్లో రాసి యజమానికి వినిపించాలి. ఆయన సరేనంటే సీన్లుగా విడగొట్టాలి. కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు కెమెరాకి కనిపించేది, కుడివైపు మైకుకి వినిపించేది రాయాలి. ప్రతి సీనుకీ ఎన్ని అడుగుల ఫిల్ము పడుతుందో అంచుల్లో వేయాలి. వెయ్యి అడుగులు ఒక రీలు. తెర మీద సుమారు పదకొండు నిమిషాలు. ఇక హోదా అంటారా, రచయిత డైరెక్టరుకి కింద, కెమెరా వాడికి కింద, యూనిట్ వంటవాడికి కొంచెం పైన. వంటవాడి చేతిలో రుచి ఉంటే ఆ కొంచెం తేడా కూడా ఉండేది కాదు.

కథ నాదేనని అందరికీ చెప్పుకున్నాను గాని, నిజానికి అది నాగన్నది. నాగన్న పులిగడ్డ రేవులో పడవ నడిపేవాడు. దివిసీమలోకి వెళ్లాలంటే అప్పట్లో అక్కడ కృష్ణ దాటాల్సిందే. ఒకసారి చుట్టాల పెళ్లికి వెళ్తూ బల్లకట్టు కోసం కూర్చుంటే, తన సంగతి తనే చెప్పాడు.

అంతకు కొన్నేళ్ల ముందు వాళ్ల ఊరి కరణం, నాగన్నకున్న ఒక్క పొలం చెక్కనీ లెక్కల్లో వేరేవాళ్ల పేర ఎక్కించేశాడు. ఆ వానాకాలమే కృష్ణ వరద మీద ఉండగా ఆ కరణమే రేవుకి పరుగెత్తుకొచ్చాడు. అవతలి ఒడ్డున కూతురికి పురిటినొప్పులు. బల్లకట్టు ఆపేశారు. ఎవరూ పడవ విప్పనన్నారు. నాగన్న విప్పాడు. ఏరు దాటినంతసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒడ్డు చేరాక కరణం రెండు చేతులూ జోడించాడు. నాగన్న అటు చూడకుండా పడవ వెనక్కి తిప్పాడు. తల్లీబిడ్డా బతికారు. పొలం మాత్రం తిరిగి రాలేదు. జోడించిన చేతులు వేరు, లెక్కలు రాసే చేతులు వేరు.

ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

"నోరిప్పితే గెడేసి కొట్టేవోణ్ణండి. అందుకని మూసుకున్నానండి," అన్నాడు.

దీన్ని సినిమాగా రాస్తానని చెబితే ఒక్క షరతు పెట్టాడు. "పొలం కోసం కరణంగారి కాళ్లా వేళ్లా పడ్డానని ఊళ్లో అంటారండి. నేను నోరే ఇప్పలేదని మీ బొమ్మలో చూపిస్తే చాలండి. ఇంకేం వద్దు."

ఉన్నదున్నట్టు చూపిస్తానని మాటిచ్చాను. ఏరు దాటే ఎనభై నాలుగో సీను అలాగే రాశాను. ఎడమవైపు రెండు పేజీలు. కుడివైపు "నీటి చప్పుడు" అని ఒక్క మాట. ఈ వృత్తిలో నేను ముప్పయ్యేళ్లు రాసినవాటిలో అంత మంచి సీను మరొకటి లేదు.

కోటయ్యగారు మొత్తం విని, కళ్లు తుడుచుకుని, "చాలా బాగుంది మేష్టారూ. మరి పద్యాలేవండీ?" అన్నారు.

నాగన్న వేషానికి ఆయన బందరు రంగస్థల నటుడు అనంతరామయ్యగారిని ముందే మాట్లాడి పెట్టుకున్నారు. అనంతరామయ్యగారు పద్యం ఎత్తుకుంటే రాగం ముగిసేలోపు తాంబూలం వేసుకుని రావచ్చు. మా జిల్లాలో నాటకం చూసే పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: పద్యం నచ్చితే జనం "వన్స్‌మోర్" అని కేకలు వేస్తారు. నటుడు మళ్లీ పాడాలి. చచ్చిపోయిన పాత్రైనా సరే లేచి, పద్యం పాడి, మళ్లీ చావాలి. పాడకపోతే ముందు విజిళ్లు, తర్వాత రాళ్లు.

రెండో ప్రతిలో పన్నెండు పద్యాలు పెట్టి తీసుకెళ్లాను. అప్పుడు కోటయ్యగారికి అసలు సందేహం వచ్చింది.

"హాల్లో జనం వన్స్‌మోర్ అంటే తెర మీదున్న మనిషికి వినపడదు గదండీ? మన ఇంటికొచ్చినవాళ్లు మారు అడిగితే వడ్డించకుండా పోతామా? కాబట్టి వన్స్‌మోర్‌లు ముందే రాసెయ్యండి."

సినిమాకీ నాటకానికీ ఉన్న తేడా గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పైగా అనంతరామయ్యగారు వంత పాడారు. తన పద్యం ఒక్కసారే వినిపిస్తే, జనం రెండోసారి అడగలేదన్న అపప్రథ ఊరూరా తిరుగుతుందట. ముప్పయ్యేళ్ల పరువు మూడు గంటల్లో పోతుందట.

అక్కడ నేను తెలివిగా బేరం పెట్టాను. కనీసం అప్పుడు తెలివి అనే అనుకున్నాను. పన్నెండు వన్స్‌మోర్‌లూ రాస్తాను, ఎనభై నాలుగో సీను మాత్రం ముట్టుకోకూడదు. ఇద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. మూడో ప్రతికి కోటయ్యగారి ముదినేపల్లి భాగస్వామి వచ్చి కథలో ఎడ్ల పందెం లేదేమిటన్నాడు. పెట్టాను, ఎనభై నాలుగు జోలికి రాకూడదన్న షరతు మీద. నాలుగో ప్రతిలో కరణం కూతురికి ఒక కల వచ్చింది, కలలో నాట్యం వచ్చింది. అదే షరతు. ఒక్కొక్కటీ ఒప్పుకున్నప్పుడల్లా నా సీనుకి ఇంకో గోడ కట్టానని మురిసిపోయాను.

ఐదో ప్రతి మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టరు చేతికి వెళ్లింది. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. అంచుల్లోని అడుగులన్నీ కూడి పదిహేను వేలు తేలుతున్నాయన్నాడు. ఈలోగా యుద్ధం వల్ల ముడిఫిల్ముకి రేషను వచ్చి, ఏ సినిమా పదకొండు వేల అడుగులు దాటకూడదని సర్కారు ఉత్తర్వు వేసింది. అంటే నాలుగు రీళ్లు కోసేయాలి. వన్స్‌మోర్‌లు పడుతున్నది ఎంతని అడిగాడు. లెక్క చూసి చెప్పాను: సరిగ్గా నాలుగు రీళ్లు. నా ఉద్యోగ జీవితంలో సర్కారు ఉత్తర్వు చదివి సంతోషించింది ఆ ఒక్కసారే.

మిల్లు వసారాలో సమావేశం జరిగింది. కోటయ్యగారు అందరి మాటా విని తీర్పు చెప్పారు.

"జనం అడిగేవి ఉంచండి. అడగనివి తీసెయ్యండి."

ఎడ్ల పందెం పోయింది. నాట్యం పోయింది, కల పోయింది. కథకి అవసరమైన సీన్లు కొన్ని, అవసరం లేకపోయినా బాగున్నవి కొన్ని పోయాయి. ఇంకా కోయాల్సినవి నాలుగు వందల అడుగులు మిగిలాయి. ఎనభై నాలుగో సీను సరిగ్గా నాలుగు వందలు. దాని బదులు నూరడుగుల్లో ఒక పద్యం చాలన్నారు. దానికీ దాని వన్స్‌మోర్‌కీ వేరేచోట కోసుకుందామన్నారు. అనంతరామయ్యగారు పద్యం ఎలా ఉండాలో కూడా చెప్పారు. పడవవాడు ఒడ్డు చేరగానే అలసటతో కూలిపోవాలి. కరణం పాదాలు పట్టుకుని, "నా పిల్లల కోసం ఆ పొలం ఇప్పించండి" అని కరుణరసంలో వేడుకుని ప్రాణం వదలాలి. తరువాత వన్స్‌మోర్.

మాటిచ్చానని అన్నాను. ఎవరికని అడిగారు కోటయ్యగారు. పులిగడ్డ రేవులో పడవవాడికని చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మీకిష్టం లేకపోతే ఇంకెవరిచేతైనా రాయిద్దాం లెండి. టైటిల్లో కూడా వాళ్ల పేరే వేద్దాం," అన్నారు మెత్తగా.

తెర మీద నా పేరు పడుతుందని అప్పటికే బందరంతా చెప్పుకున్నాను. మా మావగారైతే పామర్రు బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. నీలం పెన్సిలు నేనే తీసుకుని ఎనభై నాలుగో సీను కొట్టేశాను. అరగంటలో పద్యం రాసిచ్చాను. పద్యం బాగా కుదిరింది. నామీద నాకు ఇప్పటికీ కోపం అందుకే.

సినిమా మొదటి ఆట గుడివాడలో వేశారు. నాగన్నకి నేను కబురు పంపలేదు. ఎలా తెలిసిందో, రేవు దాటి, పెట్రోలు కరువులో బొగ్గు మీద నడిచే బస్సెక్కి, తన ఊరివాళ్లని నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ నలుగురూ ఎవరో చూడగానే అర్థమైంది. కాళ్లా వేళ్లా పడ్డావని అన్నవాళ్లు. వాళ్లకి చూపించడానికే తీసుకొచ్చాడు. నేల టిక్కెట్లలో మొదటి వరసలో కూర్చున్నారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

తెర మీద పడవవాడు కరణం పాదాలు పట్టుకున్నాడు. పొలం ఇప్పించమని పాడాడు, చచ్చాడు. మరుక్షణం లేచి, మళ్లీ పాదాలు పట్టుకుని, మళ్లీ పాడి, మళ్లీ చచ్చాడు. జనం అలవాటు కొద్దీ ఇంకోసారి "వన్స్‌మోర్" అని అరిచారు. కోటయ్యగారు వెనక్కి తిరిగి నాకేసి చూసి, "మూడోది కూడా రాయాల్సింది మేష్టారూ," అన్నారు.

ఆట అయ్యాక హాలు బయట నాగన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వెంట వచ్చిన నలుగురూ కొంచెం దూరంలో నవ్వుకుంటూ నిలబడ్డారు. ఎలా ఉంది నాగన్నా అని అడిగాను. అంతకన్నా సిగ్గుమాలిన ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు.

"బానే ఉందండి," అన్నాడు. "మొదటిసారి కాళ్లు పట్టుకున్నప్పుడు ఏదోలే అనుకున్నానండి. చచ్చి మళ్లీ లేచాడు గదండీ, ఈసారన్నా నోరు మూసుకుని పడవ తిప్పుకుంటాడేమో అనుకున్నానండి."

తర్వాత బస్సుకి వేళయిందని వెళ్లిపోయాడు. ఆ తర్వాత దివిసీమ వెళ్లాల్సి వచ్చిన ప్రతిసారీ నేను నాగన్న పడవ వైపు చూడకుండా బల్లకట్టే ఎక్కాను.

వృత్తిలో నేను నేర్చుకున్నది ఇది. ఒక సీను కాపాడుకోవడానికి మిగతావన్నీ ఒప్పుకుంటూ పోతే, చివరికి ఒప్పుకోవడానికి మిగిలేది ఆ ఒక్క సీనే. అప్పటినుంచి ఏ సంస్థకి వెళ్లినా అసలు సీను సంగతి మొదటిరోజే తేల్చుకునేవాణ్ణి. చాలా స్క్రిప్టులు ఆ మొదటిరోజే ఆగిపోయాయి.