నాచారం నుంచి వచ్చే లైను

2023 వేసవిలో చెంగిచెర్ల నుంచి యాదగిరి ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో నెట్‌వర్క్ ఉద్యోగం వదిలేసి, ఉప్పల్‌లో ఇంటి దగ్గరే ఉంటూ చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్లకు పని చేసిపెడుతున్నాను. పెద్ద కంపెనీలకు సొంత ఇంజనీర్లుంటారు. కాలనీల్లో స్తంభాల మీదుగా వైర్లు లాగి ఇళ్లకు నెట్ ఇచ్చేవాళ్లకు ఎవరూ ఉండరు. ఏదైనా అంతుపట్టకపోతే నాలాంటి వాళ్లను పిలుస్తారు.

"అక్కా, పొద్దంత మంచిగనే నడుస్తది. పొద్దుగూకిందంటే సాలు, ఫోన్లు మొదలైతయి. ఏం పాడైందో సమజైతలేదు. జర వచ్చి చూస్తవా?" అన్నాడు.

యాదగిరి ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపేవాడు. ఆ వ్యాపారం తగ్గిపోయాక అవే వీధుల్లో, అవే ఇళ్లకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాడు. మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ గది ఆఫీసు. అతని భార్య పద్మ కౌంటర్‌లో కూర్చుని కంప్లైంట్లు రాసుకుంటుంది. నేను వెళ్లేసరికి ఆమె చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, "అయితది సార్, ఇయ్యాల రేపట్ల అయితది," అని ఎవరికో చెబుతోంది. ఆ మాట ఆమె ఎన్నాళ్లుగా చెబుతోందో ఆమె గొంతే చెప్పింది.

తెలియని వాళ్లకోసం కాస్త వివరిస్తాను. యాదగిరి లాంటి ఆపరేటర్ ఇంటర్నెట్‌ను తయారు చేయడు. టోకు వ్యాపారి దగ్గర బ్యాండ్‌విడ్త్ కొని, ఫైబర్ మీద తన ఆఫీసుకు తెచ్చుకుని, అక్కడి నుంచి ఇళ్లకు పంచుతాడు. బ్యాండ్‌విడ్త్ అంటే ఒకేసారి ఎంత డేటా పోగలదో ఆ సామర్థ్యం. టోకుగా అమ్మేవాణ్ణి మేం అప్‌స్ట్రీమ్ అంటాం. ఆ అప్‌స్ట్రీమ్ కూడా తనకన్నా పెద్దవాళ్ల దగ్గర కొంటాడు. యాదగిరికి అప్‌స్ట్రీమ్ నాచారంలోని ప్రసాదరావు గారు.

ఆఫీసులో ఒక చిన్న కంప్యూటర్ పెట్టాను. అది నిమిషానికోసారి రెండు చోట్లకు డేటా పంపి, జవాబు వచ్చిందో లేదో రాసుకుంటుంది. ఒకటి ప్రసాదరావు గారి రౌటర్. రెండోది ఆయన్ను దాటి బయటి ప్రపంచం. వారం తిరక్కుండానే విషయం తేలిపోయింది. నాచారం దాకా దారి శుభ్రంగా ఉంది. నాచారం దాటాక, చీకటి పడే వేళ నుంచి, పంపినవాటిలో చాలాభాగం మధ్యలోనే పోతున్నాయి. దీన్ని ప్యాకెట్ లాస్ అంటారు. సినిమా చూసేవాళ్లకు బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఫోన్ మాట్లాడేవాళ్లకు మాటలు ముక్కలవుతాయి.

అంటే ప్రసాదరావు గారు పైనుంచి కొంటున్నదానికన్నా కింద ఎక్కువ అమ్ముతున్నారు. పగలు జనం తక్కువ కాబట్టి బయటపడదు. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక సరిపోదు.

గ్రాఫ్ చూపించి యాదగిరికి ఇదే చెప్పాను. అతను చాలాసేపు తెర వైపే చూశాడు. ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు.

"వేరేవాళ్ల దగ్గర తీసుకో. నేను రేట్లు కనుక్కుంటాను," అన్నాను.

"జర ఆగుదం అక్కా. సారు సెట్ చేస్తడు."

"ఆయన్ను అడిగావా?"

"అడగలే. ఎట్ల అడగాలె?"

పద్మ కౌంటర్ దగ్గర నుంచి అందుకుంది. కేబుల్ పోయి చేతులు ఖాళీ అయినప్పుడు ఎవరూ వీళ్లను నమ్మి లైన్ ఇవ్వలేదట. ప్రసాదరావు గారొక్కరే మాట మీద ఇచ్చారు. తనే వచ్చి మిషన్ బిగించి, ఎట్లా నడపాలో నేర్పారు. యాదగిరి తండ్రి దవాఖానాలో ఉన్నన్నాళ్లూ వీళ్ల కంప్లైంట్ ఫోన్లు ఆయనే ఎత్తారు. తెనాలి వైపు నుంచి వచ్చిన మనిషి, ఏ చుట్టరికమూ లేదు.

"గందుకే ఈనకు నోరు లేస్తలేదు," అంది పద్మ.

నేను రేట్లు తెప్పించాను. యాదగిరి వాటిని చూడనే లేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ "ఈ నెల చూద్దం" అన్నాడు. ఒత్తిడి పెట్టడం నా పని కాదనిపించి ఊరుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు అతని ఆఫీసులో ఉండగా ఒకామె లోపలికొచ్చింది. పేరు సునీత. రెండు వీధుల అవతల ఉంటుంది. నెట్ డబ్బా, దాని వైరు చుట్టి, ఒక కవర్లో తెచ్చింది. కవర్‌ను కౌంటర్ మీద పెట్టింది.

"ఇది తీస్కో అన్నా. నాకు ఇంక అవసరం లేదు."

"ఎందుకమ్మా, ఇల్లు మారుతున్రా?"

"లేదు. జాబ్ పోయింది."

ఆమె ఇంటి నుంచే ఒక విదేశీ కంపెనీకి పనిచేసేది. అక్కడి కస్టమర్లు ఫోన్ చేసి ఫిర్యాదులు చెబితే జవాబులివ్వాలి. వాళ్లకు పగలంటే మనకు సాయంత్రం, రాత్రి. భర్త నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ చెయ్యి మిషన్‌లో పడి ఇంట్లోనే ఉన్నాడు. ఇంటికి ఆమె జీతమే ఆధారం.

"కాల్ మధ్యలనే కట్ అవుతున్నదని ఆఫీసోళ్లు అన్నరు. నువ్వు సెట్ అయితది అన్నవ్ గద, నేను గదే మా టీం లీడర్‌కు చెప్పిన. మళ్ల అడిగితే మళ్ల చెప్పిన. ఇంక వద్దన్నరు," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే యాదగిరికి కాస్త తేలిగ్గా ఉండేదేమో.

"వేరే కనెక్షన్ తీసుకోకపోయావా?" అని నేనడిగాను.

"మా గల్లీల ఈ అన్నదే ఉంది మేడం. తెల్సినోడు, చేస్తడనుకున్న."

ఆమె వెళ్లిపోయాక కవర్ అట్లాగే ఉంది. యాదగిరి దాన్ని ముట్టుకోలేదు. పద్మే తీసి లోపల పెట్టి వచ్చింది.

"నీ దోస్తానా మంచిదే. కాదంటలేను. ఆమె గూడ మనల్ని నమ్మింది గద," అంది.

మర్నాడు యాదగిరి, నేను నాచారం వెళ్లాం. పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ పై అంతస్తు ప్రసాదరావు గారి ఆఫీసు. మెట్ల దాకా మందుల కంపెనీల ఘాటు వాసన. లోపల ఏసీ గదిలో నిలువెత్తు ర్యాకులు, వాటిలో రౌటర్లు. వైర్లన్నీ పొందికగా కట్టి, ఒక్కోదానికి పేరు చీటీ అంటించి ఉంది. కానీ ర్యాకుల్లో సగానికి పైగా లైట్లు వెలగడంలేదు. ఆ గది చూశాక నేను గ్రాఫ్ చూపించాల్సిన అవసరం లేదనిపించింది. అయినా చూపించాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇది నాకు తెలుసమ్మా."

"మరి చెప్పలేదేంటి సార్?"

"ఏమని చెప్పను? పెద్ద కంపెనీలు వచ్చాక నా దగ్గర కొనే ఆపరేటర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఖర్చు భరించలేక పైన కొనేది తగ్గించేశాను. మళ్లీ నలుగురు వస్తే పెంచుదామనుకున్నా. రాలేదు." యాదగిరి వైపు తిరిగారు. "నువ్వూ వెళ్తే ఇక ఇది మూతే. అందుకే నీకు చెప్పలేకపోయానయ్యా."

యాదగిరి తల దించుకునే ఉన్నాడు. "నాకు గూడ తెల్వక కాదు సార్. అడిగితే మీరు బాధపడ్తరని అడగలే."

కింద ఫ్యాక్టరీలో అట్టలు కోసే మిషన్ చప్పుడు నేలలోంచి తెలుస్తోంది. అప్పుడు యాదగిరి సునీత సంగతి చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే, మిగతాది నేను చెప్పాను.

ప్రసాదరావు గారు విన్నారు. "ఆ అమ్మాయికి నా పేరు కూడా తెలియదు కదమ్మా," అన్నారు మెల్లగా. ఇంకాసేపటికి, "రేపు బండి వేసుకుని రా యాదగిరీ. నీకు లైన్ ఎవరిస్తే బాగుంటుందో నేనే చూపిస్తా," అన్నారు.

నేను తెప్పించిన రేట్లలో రెండు పనికొచ్చేవి. మొదటిది ఒక పెద్ద కంపెనీది. వేగం బాగుంది, ధర తక్కువ. కానీ వాళ్లు ఇళ్లకు కూడా నేరుగా కనెక్షన్లిస్తారు. వాళ్ల దగ్గర కొంటే మన వీధిలో ఎంత గిరాకీ ఉందో వాళ్లకు మనమే చెప్పినట్టు. రెండోది టోకు వ్యాపారం మాత్రమే చేసే మధ్యరకం కంపెనీ. రెండు దారుల్లో ఫైబర్ ఇస్తామని, ఒకటి తెగినా రెండోది పనిచేస్తుందని వాళ్ల మేనేజర్ మ్యాప్ గీసి చూపించాడు.

"కాయితం మీద అందరివీ రెండు దార్లే," అన్నారు ప్రసాదరావు గారు, ఆ మ్యాప్ చూసి.

మర్నాడు ఆయన యాదగిరి బండి వెనక కూర్చున్నారు. నేను నా స్కూటర్ మీద వెనకే వెళ్లాను. నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ చౌరస్తా దాకా ఆ టోకు కంపెనీ ఫైబర్ వెంట, స్తంభం స్తంభం చూసుకుంటూ వెళ్లాం. ఒకచోట ఆయన బండి ఆపించి వేలు పైకెత్తి చూపించారు. మ్యాప్‌లో వేర్వేరు రంగుల్లో ఉన్న రెండు దారులూ అక్కడ ఒకే స్తంభాల వరస మీద పోతున్నాయి. ఆ పక్కనే రోడ్డు తవ్వకం నడుస్తోంది. ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి.

"దీన్ని బోడుప్పల్ వైపు నుంచి తిప్పి ఇమ్మను. కుదరదంటారు. కుదురుతుంది, అక్కడ వాళ్లకు ఫైబర్ ఉంది. రాసిచ్చాకే సంతకం పెట్టు," అని యాదగిరికి చెప్పారు.

ఎండలో నిలబడి, తన స్థానంలోకి వచ్చేవాడి తప్పు వెతికి పెడుతున్నారాయన. యాదగిరి "సరే సార్, సరే సార్" అంటున్నాడు గానీ ఆయన మొహం చూడటంలేదు. దార్లో చాయ్ తాగుదామంటే ఆయనే వద్దన్నారు. ఆఫీసులో తన దగ్గర మిగిలిన ఇద్దరు కుర్రాళ్లతో మాట్లాడాలట.

కంపెనీవాళ్లు కొన్నాళ్లు సాగదీసి, చివరికి దారి మార్చారు. లైన్ మార్చే రోజు పొద్దున, జనం ఆఫీసులకు వెళ్లాక, పని మొదలుపెట్టాను. కొత్త లైన్ మీద ఒక ఇంటి తర్వాత ఒక ఇంటికి కనెక్షన్లన్నీ వచ్చేశాయి. పద్మ ఫోన్ మోగలేదు. ప్రసాదరావు గారు యాదగిరికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నీ వచ్చాయా?"

"వచ్చినయ్ సార్."

"అయితే నా వైపు పోర్ట్ మూసేస్తున్నా."

నా తెర మీద పాత లైన్ గుర్తు పచ్చ నుంచి ఎరుపుకు మారింది. ఫోన్ ఎప్పుడు పెట్టేశారో గమనించలేదు.

ఆ వారం సాయంత్రాల గ్రాఫ్ శుభ్రంగా వచ్చింది. యాదగిరి డబ్బా పట్టుకుని సునీత ఇంటికి వెళ్లాడు. ఆమె అప్పటికే ఉప్పల్‌లో ఒక బట్టల షాపులో చేరింది. పొద్దున పోయి రాత్రికి వస్తుంది. "ఇప్పుడు నెట్ మంచిగైతే నాకేం ఫాయిదా అన్నా," అందట. తలుపు దగ్గరే మాట్లాడి పంపించేసింది. అతను డబ్బా తిరిగి తెచ్చుకున్నాడు.

ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లడానికి యాదగిరికి చాలా నెలలు పట్టింది. వెళ్లేసరికి పై అంతస్తులో ర్యాకులు లేవు. కింది ఫ్యాక్టరీవాళ్లు అక్కడ అట్టపెట్టెలు పేర్చుకున్నారు. నన్ను కలిసి, "నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యక్కా, నాకు ధైర్యం సాలుతలేదు," అన్నాడు. అతని ఎదురుగానే చేశాను. ఆయన తెనాలి వెళ్లిపోయారట, ఒక బంధువు ఎలక్ట్రికల్ షాపులో కూర్చుంటున్నారు. వెనక నుంచి ఎవరో వైరు ధర అడుగుతున్నారు. నేను ఫోన్ యాదగిరి చేతికిచ్చాను.

"సార్, నేను."

"సాయంత్రాలు ఎలా ఉంటోందయ్యా?" అని అడిగారు ఆయన.

"మంచిగుంటున్నది సార్."

"సరే అయితే," అన్నారు. కొట్లో మనిషి మళ్లీ పిలిచాడు. అంతే.

ప్రొవైడర్‌ని ఎంచుకోవడమంటే అంకెలు పోల్చి చూడటమే అని నేను నమ్మేదాన్ని. చెంగిచెర్లలో అంకెలు మొదటి వారంలోనే తేలిపోయాయి. మిగతా కాలమంతా మొహమాటం కిందే పోయింది. ఇద్దరు మంచివాళ్లు ఒకరినొకరు నొప్పించకూడదనుకున్నారు. ఆ నొప్పి మాయం కాలేదు. అది వాళ్ల స్నేహం గురించి ఏమీ తెలియని సునీత ఇంటికి చేరింది.

ఇప్పుడు ఏ ఆపరేటర్ పిలిచినా ముందు ఒకటే అడుగుతాను. ప్రస్తుతం మీకు లైన్ ఇస్తున్నాయన మీకేమవుతారు? ఏమీ కారు, వ్యాపారమే అంటే నిశ్చింతగా పని మొదలుపెడతాను. మా అన్నలాంటివాడు అంటే మాత్రం, ఆయన దగ్గరికి ఈరోజే వెళ్దాం పదండి, నేనూ వస్తాను అంటాను. కొందరు వస్తారు. కొందరు ఈ నెల చూద్దామంటారు. వాళ్ల కాలనీల్లో సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో నాకు తెలుసు.