పాలసొర పుట్టు పెట్టిన అక్కయ్య

బందరు హార్బరు దగ్గర గిలకలదిండిలో చేపల కౌంటరు నడిపే అక్కయ్య పోయింది. ఆ కబురు నేను చేసిన ఫోనులోనే నాకు తెలిసింది. మా మనవరాలికి ఏడు నెలలు నిండాయి, బుధవారం పిల్లనూ మా అమ్మాయినీ తీసుకొచ్చి చూపిస్తానని చెబుదామని చేశాను. సంతోషం పట్టలేక అరుస్తున్నట్టే మాట్లాడాను. అవతల ఫోను ఎత్తింది ఆవిడ కోడలు. పాపం, నన్ను మొత్తం చెప్పనిచ్చి అప్పుడు అంది.

"అత్తయ్య లేదండీ బాబాయ్ గారూ. రెండు రోజులు జ్వరం వచ్చింది. మూడో రోజు పొద్దున్నే ఆయాసం. అంతే."

ఫోను పెట్టేసి అరుగు మీద కూర్చుండిపోయాను. ఈ మధ్య దేనికైనా కూర్చోవడమే, మోకాళ్లు అలాంటివి. కాని ఆవేళ లేవడానికి మా ఆవిడ చెయ్యి కావలసి వచ్చింది.

ఆ అక్కయ్య నాకు చుట్టం కాదు. పేరు కూడా ఎప్పుడూ అడగలేదు. నాకంటే నాలుగేళ్లు చిన్నదని తరవాత తెలిసింది. అయినా కౌంటరు ముందుకొచ్చిన ప్రతి మగవాణ్ణీ, ఎనభై ఏళ్ల ముసలాయన్ని కూడా, తమ్ముడూ అనే పిలిచేది. అలా పిలిచాక మనం అక్కయ్యా అనక తప్పేది కాదు.

హార్బరుకు వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు, నడుమెత్తు నాపరాతి కౌంటరు, వెనక రెండు పొయ్యిలు. కుర్చీలు లేవు. వరుసలో నిలబడి, ఏం కావాలో చెప్పి, ప్లేటు చేతికి తీసుకుని నిలబడే తినాలి. వేపిన వంజరం, రొయ్యలు, చేపల పులుసు, అన్నం. నిమ్మడిప్పతో కౌంటరు రాయి తుడుస్తూనే ఉండేది. బోటు దిగి తడిబట్టలతో వచ్చినవాళ్లను మాత్రం వరుసలో ఉండనిచ్చేది కాదు, ముందుకు పిలిచి పెట్టేది. కారులో వచ్చినాయన ఒకాయన గొణిగితే, "సముద్రం మీంచి వచ్చినవాడి ఆకలికి వరుస లేదు తమ్ముడూ. నీ చొక్కా పొడిగానే ఉందిగా, కాస్త ఆగు" అంది. ఆయనా నవ్వేశాడు.

నేను అక్కడికి తినడానికి వెళ్లినవాణ్ణి కాదు. మా అమ్మాయికి పెళ్లయిన పదకొండేళ్లకు పురుడొచ్చింది. ఆడపిల్ల! ఆ రోజు మా ముదినేపల్లి వీధిలో ఎవరు కనబడితే వాళ్ల చేతులు పట్టుకుని ఊపేశాను. నాతో మాటల్లేని వెనకింటాయన చేతులు కూడా ఊపేశాను. దేవుడి దయ అంటే ఏమిటో డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాక తెలిసిందండీ నాకు.

ఆ సంతోషం వారం నిలవలేదు. అమ్మాయికి పాలు చాలడం లేదు. పిల్ల రొమ్ము పట్టినట్టే పట్టి, వదిలేసి, కందిపోయి ఏడ్చేది. ఆస్పత్రిలో డబ్బా పాలు రాసిచ్చారు. "పట్టిస్తూనే ఉండమ్మా, నువ్వు కడుపునిండా తిను" అని నర్సమ్మ చెప్పి పంపింది. మా అమ్మాయి ఆ తినడమే మానేసింది. కంచం ముందు పెడితే గోడవైపు తిరిగేది.

"పదకొండేళ్లు ఆగి కన్నాను నాన్నా. ఇది కూడా నాకు చేతకావడం లేదు" అంది ఒకరోజు.

ఆ మాట విన్న తండ్రి ఎలా ఉంటాడో మీరే చెప్పండి.

మా ఆవిడ ప్రార్థన మీద ప్రార్థన చేసింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. అక్కడ బాలింతకు పాలసొర పుట్టు పెడతారు. పాలసొర అంటే చిన్న జాతి సొరచేప. దాన్ని ఉడికించి, పొడిపొడిగా చేసి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తారు. "పచ్చి చేప బస్సులో ఎండకు ఆగదు. బందరులోనే వండించి తీసుకురండి" అని నన్ను పంపింది. గుడివాడలో బస్సు మారి, బందరులో ఆటో ఎక్కి, ఆటో అతను చూపిస్తే ఆ కౌంటరు దగ్గర దిగాను.

"పుట్టు ఎవరికి తమ్ముడూ?"

"మా అమ్మాయికి. బాలింత. ముదినేపల్లి నుంచి వచ్చాను."

మరో మాట అడక్కుండా పొయ్యి మీద గిన్నె పెట్టింది. అక్కడే నేను తప్పు చేశాను. ముప్పై ఏళ్లు చేపల చెరువుల మీద పనిచేసినవాణ్ణి. శీలావతైనా, బొచ్చెయినా, పాడైందో లేదో పెట్టె మూత తియ్యకుండా చెబుతానని మా దగ్గర పేరు. సొర ఉడుకుతుంటే ముక్కు పగిలే ఘాటు వచ్చింది. సొరకు ఆ వాసన సహజమని నాకేం తెలుసు! మా చెరువు చేపకు ఆ వాసన వచ్చిందంటే గొయ్యి తీసి పాతిపెట్టడమే.

"బాలింతకు కుళ్లిన చేప పెడతావా?" అని వరుసంతా వినేలా అరిచాను.

ఆవిడ గరిటె దించకుండానే నా వంక చూసింది. "చెరువు ముక్కు పెట్టుకుని సముద్రానికొచ్చావు తమ్ముడూ" అంది. అందరూ ఘొల్లుమన్నారు. నేను విసురుగా వచ్చేశాను.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "వాసన రాకపోతే అది సొరెందుకవుతుందండీ? మీ ముప్పై ఏళ్ల అనుభవం తీసుకెళ్లి ఆ చెరువులోనే కలపండి!" నవ్వొచ్చే మాటే. కాని లోపల గదిలో పిల్ల ఏడుస్తోంది. ఎవరమూ నవ్వలేదు.

మర్నాడు మళ్లీ రెండు బస్సులు, ఆటో. ఒళ్లు హూనమైపోయింది. వరుస చివర తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ అంత దూరం నుంచే చూసింది.

"ముదినేపల్లి తమ్ముడూ, ముందుకు రా. బాలింత ఆకలికీ వరుస లేదు."

ఒక్క మాట దెప్పలేదు. కౌంటరు లోపలికి పిలిచి, ఉడికిన సొర ముక్కలు నా ముందు పెట్టింది. "నీ చేత్తో నువ్వే తోలు తియ్యి, ముల్లు ఏరు, నీళ్లు పిండు. అప్పుడు నీకు అనుమానం ఉండదు, నా మీద మాట పడదు" అంది. పిండుతుంటే ఎందుకో నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉల్లిపాయలింకా తరగలేదు తమ్ముడూ, ఇప్పుడే ఏడిస్తే ఎలా?"

క్యారేజీ కట్టి, మూత మీద ఒక బొగ్గు ముక్క పెట్టింది. మేము ప్రార్థన చేసుకునేవాళ్లం, దిష్టి అవీ నమ్మం అక్కయ్యా అన్నాను. "నువ్వు నమ్మకు. బస్సులో పక్కవాడు నమ్ముతాడుగా, క్యారేజీ వంక చూడకుండా ఉంటాడు" అంది.

ఆ సాయంత్రం అమ్మాయి పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. చెరువు ముక్కు దగ్గరికి వచ్చేసరికి అది నవ్వింది. పురుడయ్యాక అదే మొదటి నవ్వు. "ఏమందీ? మళ్లీ చెప్పు నాన్నా" అంటూ ముద్ద నోట్లో పెట్టుకుంది. మళ్లీ చెప్పాను. ఇంకో ముద్ద. అలా నాలుగుసార్లు చెప్పించుకుని కంచం ఖాళీ చేసింది. ఆ తరవాత రోజు విడిచి రోజు వెళ్లాను. ఐదో ప్రయాణం నాటికి పిల్ల కడుపునిండా తాగి, పెదవి పక్కన పాలు కారుతుండగా నిద్రపోయింది. డబ్బా పక్కన పెట్టేశాం.

ఆ మాట చెప్పడానికి బందరు పరిగెత్తాను. అక్కయ్యా, నీ పుట్టు మా ఇల్లు నిలబెట్టింది అన్నాను. ఆవిడ రాయి తుడవడం ఆపలేదు. "చేపలో ఏముంది తమ్ముడూ. మీ అమ్మాయి తిన్నది, నవ్వింది, నిద్రపోయింది. పట్టించడం మానలేదు. పొగడాలనుకుంటే ఇంటికెళ్లి దాన్ని పొగుడు" అంది. అలాగే పొగిడాను. ఈనాటికీ పొగుడుతూనే ఉన్నాను.

బుధవారం అనుకున్న ప్రకారమే వెళ్లాం. షెడ్డు మళ్లీ తెరిచి రెండో రోజట. కోడలు కౌంటరు దగ్గర ఉంది. మా అమ్మాయి వెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. ఎండకూ ప్రయాణానికీ పిల్ల ఏడుపు అందుకుంది. కోడలు కౌంటరు పక్క గోడ నీడలో, చేపలకు ఐసు వేసే పెద్ద ట్రే ఒకటి బోర్లించి కూర్చోమంది. అమ్మాయి చున్నీ కప్పుకుని పిల్లకు పాలిచ్చింది.

వరుసలో పదిహేను మంది దాకా మగవాళ్లున్నారు. ముందున్నతను ప్లేటు పట్టుకుని అటు తిరిగాడు. తరవాత వెనకతను. కాసేపటికి వరుసంతా కౌంటరుకు వీపు పెట్టి, బోట్లవైపు చూస్తూ నిలబడింది. కోడలు పొయ్యి తగ్గించింది. నూనె చప్పుడు అణిగింది. ఆ నిశ్శబ్దంలో పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు అందరికీ వినబడుతూనే ఉంది.