తొమ్మిదో డబ్బాలో పదో రీలు

రైల్వే గేటు దాటిన రెండు నిమిషాలకి బస్సు దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది. డ్రైవరు దిగి, ఇంజను మూత ఎత్తి చూసి, మళ్ళీ దించేశాడు. వెనకాల వచ్చిన బస్సును ఆపి అందరినీ అందులోకి తోశారు. ఆపరేటర్ ఆఖరున ఎక్కాడు. లోపల ఒకే ఒక్క సీటు ఖాళీగా ఉంది. దాని పక్కన, కిటికీ దగ్గర, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నది ఆయన తోడల్లుడు టార్చి.

"అన్నయ్యా! నువ్వా! రా, కూర్చో. వదిన బాగుందా?"

"బానే ఉంది" అన్నాడు ఆపరేటర్, నిలబడే వెళదామా అని ఒక్క క్షణం ఆలోచించి.

ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళను చేసుకున్న నేరానికి ఇద్దరు మగవాళ్ళు జన్మంతా ఒకే తక్కెడలో చెరోవైపు కూర్చోవాలి. ఒకడు కొంచెం లేస్తే రెండోవాడు దిగినట్టే లెక్క. రాజుల కథలు రాసినవాళ్ళు సింహాసనాల కోసం జరిగిన యుద్ధాల గురించి చాలా చెప్పారు గానీ, తోడల్లుళ్ళ మధ్య నడిచే ఈ యుద్ధం గురించి ఎవరూ రాయలేదు. ఇందులో కత్తులుండవు. "మా చెల్లెలి మొగుణ్ణి చూడండి" అన్న ఒక్క మాట ఉంటుంది, అంతే. ఆపరేటర్ ఆ మాటను ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వింటున్నాడు.

ఇద్దరూ ఒకే సినిమాహాల్లో పనిచేశారు. ఈయన పైన ప్రొజెక్టర్ గదిలో, ఆయన కింద చీకట్లో. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి టార్చిలైటు వేసి సీటు చూపించడం ఆయన పని, అందుకే ఆ పేరు. ఊళ్ళో ప్రతి ఇల్లాలికీ ఆయన తెలుసు, ప్రతి పిల్లవాడికీ ఆయన మామయ్యే. ఆపరేటర్ ముఖం మాత్రం హాలు యజమానికి కూడా సరిగా గుర్తుండేది కాదు. బొమ్మ బాగా పడినన్నాళ్ళూ ఆపరేటర్ ఉన్నాడని ఎవరికీ తెలియదు. బొమ్మ ఆగితేనే వెయ్యి తలలు వెనక్కి తిరిగి, ఆయన తల్లిదండ్రులను తలుచుకుంటాయి.

"ఎక్కడికి, అన్నయ్యా?"

"కళ్ళజోడు మార్పించుకోవాలి. నువ్వు?"

టార్చి గొంతు సవరించుకున్నాడు. అడగడం కోసమే కాచుకుని ఉన్నాడు మరి. "ఆకాశనావ సినిమాల అభిమానుల సభ ఉంది. పాత మూడు గొప్పవా, కొత్త మూడు గొప్పవా అని చర్చ. నన్ను ముఖ్య అతిథి అన్నారు. వద్దంటే వినరే! ఇదిగో, వీళ్ళిద్దరూ నన్ను తీసుకెళ్ళడానికి ఇంటికే వచ్చారు."

వెనక సీటులోంచి ఇద్దరు నమస్కారం పెట్టారు. ఒకరు నెరిసిన గడ్డం లెక్కల మాస్టారు. రెండో ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి, ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి. నమస్కారం అయిన వెంటనే ఇద్దరూ ఆపిన చోటినుంచి మళ్ళీ పోట్లాట మొదలుపెట్టారు.

"కొత్తవాటిలో ఏముందమ్మా? కంప్యూటర్ గీసిన బొమ్మలు. ఒక్క ముఖంలో బాధ ఉందా?" అన్నాడు మాస్టారు.

"పాతవాటిలో నావలకి కట్టిన దారాలు కనిపిస్తాయి మాస్టారూ. మీ సేనాని అంతరిక్షంలో నడుస్తుంటే వెనకాల ఎవరిదో నీడ కూడా నడుస్తుంది."

"దారం కనబడితే ఏం? మనసు కనబడిందా లేదా?"

"కొత్త ఐదోది చూడండి. ఇంజన్లు తుడిచే అమ్మాయి, పైవాళ్ళందరికీ ఎదురుతిరిగి నావ తలుపులు మూసేస్తుంది. అది మనసు కాదా?"

"ఐదోది సరే, ఒప్పుకుంటా. ఆరోదాంట్లో నట్టేట ముంచారా లేదా?"

"ఆరోది నేనూ ఒప్పుకోను" అని అమ్మాయి నవ్వింది. "దాని ఊసెత్తొద్దు. కడుపు రగిలిపోతుంది."

టార్చి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఎత్తే తీరు ఆపరేటర్‌కి తెలుసు. చీకట్లో జనాన్ని ఆపే చెయ్యి అది.

"అమ్మా, ఎన్నయినా చెప్పు. పాత రెండోదాంట్లో ఆ తలుపు తీసే ఘట్టం ఉందే, దానికి సాటి రాదు. సేనాని ఒక పిల్ల పుట్టిన లోకాన్నంతా బూడిద చేశాడా? తర్వాత ఊపిరాడక ఆ పిల్ల నావ తలుపే కొట్టాడా? వాడు ఒక్కమాట అనలేదు. తప్పయిందని కూడా అనలేదు. ఆమె తీసేసింది. ఆ తర్వాత, లోపలికొచ్చాక, వాడు చేసిందంతా తలుచుకుని కుళ్ళికుళ్ళి ఏడుస్తాడు. ముందు క్షమ, తర్వాత పశ్చాత్తాపం! అలా ఆలోచించిన డైరెక్టరు చేతులకి దణ్ణం పెట్టాలి."

మాస్టారు కళ్ళు మూసుకుని తలాడించాడు. ఆపరేటర్ కిటికీ బయట కరెంటు స్తంభాలు లెక్కపెడుతున్నాడు.

ఆ ఘట్టం ఏ డైరెక్టరూ ఆలోచించింది కాదు. అది ఆపరేటర్ చేతి పొరపాటు.

ఆ రోజు సినిమా పెట్టెలు ఆలస్యంగా వచ్చాయి. పన్నెండు రీళ్ళు, పన్నెండు రేకు డబ్బాలు. బయట జనం గేటు ఊపేస్తున్నారు. రీలు మొదట్లో అంకె వేసిన ఫిల్ముముక్క ఉంటుంది, దాన్ని చూసి మిషనుకెక్కించాలి. ఊరూరా తిరిగిన ఈ కాపీలో రెండు రీళ్ళకి ఆ తల తెగిపోయింది. వెలుతురుకి పట్టి బొమ్మలు చూసుకోవాలి, ఏ ఆపరేటరైనా అదే చేస్తాడు. ఆపరేటర్ ఆ ఒక్కపూట డబ్బా మూతని నమ్మాడు. వెనక ఊళ్ళో ఎవడో మూతలు తారుమారు చేశాడు. తొమ్మిదో డబ్బాలో పదో రీలుంది.

ఆట అయ్యాక వెనక్కి చుట్టేటప్పుడు, రీలు తోకమీద అంకె కనబడి ఆయన డబ్బా మూత మళ్ళీ చూశాడు. అసలు కథలో సేనాని ముందు ఏడుస్తాడు, చేసింది ఒప్పుకుంటాడు, ఆ తర్వాతే ఆమె తలుపు తీస్తుంది. ఇక్కడ తలుపు ముందు తెరుచుకుంది. ఏడుపు తర్వాత వచ్చింది, అది సేనాని తలపుల్లో నడిచిన గతమనుకున్నారు జనం. ఉద్యోగం పోయిందనుకుని ఆయన మెట్లమీద చతికిలబడ్డాడు. హాలు యజమాని తనంతట తాను పైకెక్కి వచ్చాడు, మొదటిసారి. కళ్ళు తుడుచుకుంటూ, "ఏం సినిమారా! ఆ తలుపు తీసే చోట హాల్లో ఊపిరి వినబడలేదు" అన్నాడు.

రెండో ఆటకి సరిచేద్దామని ఆపరేటర్ ఆ రెండు రీళ్ళూ చేతుల్లోకి తీసుకున్నాడు. మళ్ళీ అలాగే పెట్టేశాడు. నూటపది రోజులు అలాగే వేశాడు. చుట్టుపక్కల ఊళ్ళలో నలభై రోజులకి ఎత్తేసిన సినిమా అది. పెట్టెలు తిరిగి పంపేటప్పుడు మూతలు సరిగా మార్చి, నోరు మూసుకున్నాడు. భార్యకి కూడా చెప్పలేదు. ఆపరేటర్ల లోకంలో రీలు తారుమారు చేయడం అంటే, డాక్టరు ఒక రోగి మందు ఇంకో రోగికి పోయడం లాంటిది.

వందో రోజు ఫోటోలో యజమాని పక్కన టార్చి నిలబడ్డాడు, మెడలో దండతో. ఆపరేటర్ పైన ఆట వేస్తున్నాడు. హాలు మూతపడ్డాక ఆయన జిరాక్సు షాపులో కార్డులకి ప్లాస్టిక్ తొడుగులు వేస్తూ ఇరవై ఏళ్ళు గడిపాడు. టార్చి ఒక పెద్ద హోటలు గుమ్మం దగ్గర తలుపు తీసే ఉద్యోగంలో చేరాడు. పోయిన ఏడాది అక్కడ ఎవరో కుర్రాళ్ళు ఆయన ఆ ఘట్టం చెబుతుండగా ఫోనులో తీశారట. లక్షలమంది చూశారట. ఆ వీడియో ఆపరేటర్ భార్య రోజుకోసారి చూస్తుంది, ధ్వని పూర్తిగా పెంచి. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

"నువ్వూ రారాదూ అన్నయ్యా" అన్నాడు టార్చి, బస్సు దిగుతూ. "కాసేపు కూర్చుని విను. కళ్ళజోడు ఎక్కడికి పోతుంది?"

వెళ్ళకూడదనే అనుకున్నాడు ఆపరేటర్. కాళ్ళు వెళ్ళాయి.

సైకిళ్ళ దుకాణం పైన పొడవాటి గది. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఎడమవైపు పాతవాళ్ళు, కుడివైపు కొత్తవాళ్ళు. టార్చికి మెత్తవేసిన కుర్చీ. ఆపరేటర్‌కి తలుపు పక్కన స్టూలు. అలవాటే, హాల్లో వెనకగోడకి ఆనుకుని ఉండేదే ఆయన బతుకంతా.

టార్చి లేచి ఆ ఘట్టం చెప్పాడు. నిజం చెప్పాలంటే బాగా చెప్పాడు. ఎడమవైపు ముక్కులు చీదుకున్నారు. అప్పుడు కుడివైపునుంచి ల్యాబు అమ్మాయి లేచింది.

"బాబాయ్‌గారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నా. మీ వీడియో చూశాక నేను పాత రెండోది తెప్పించుకుని చూశాను. అందులో అలా లేదు."

ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టరుకి తగిలించి గోడమీద బొమ్మ వేసింది. సేనాని ఏడ్చాడు. తప్పు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత తలుపు తెరుచుకుంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది ముప్ఫై ఏళ్ళుగా చెప్పిన కథ.

"కాదు... ఇది మార్చేశారు" అన్నాడు టార్చి. "మూడొందల ముప్ఫై ఆటలు చూశానమ్మా నేను."

"మార్చలేదు బాబాయ్. మొదటి కాపీ ఇదే."

"వయసు మీదపడితే గుర్తులు కలగాపులగం అవుతాయిలే" అన్నారు కుడివైపు ఎవరో. కొత్తవాళ్ళు నవ్వారు. పాతవాళ్ళు నేల చూశారు. లెక్కల మాస్టారు కూడా, "మేమంతా మీ మాట పట్టుకుని వాదించామే" అని గొణిగాడు. టార్చి ఇస్త్రీ చొక్కాలో మనిషి సగమయ్యాడు.

ఆపరేటర్ స్టూలుమీద కదల్లేదు. ఎన్నాళ్ళనుంచో దురదపెట్టిన చోట ఎవరో గోకుతున్నట్టుంది. ఇంకాస్త గోకండి, అనుకున్నాడు. ఇంటికి వెళ్ళి భార్య ముందు దీన్ని ఏ మాటలతో చెప్పాలో కూడా కూర్చుకుంటున్నాడు.

అంతలో ఆ అమ్మాయే అంది: "అయినా బాబాయ్, మీరు ఊహించుకున్నదే సినిమాకన్నా గొప్పగా ఉంది. మా కొత్తవాటిలో కూడా అలాంటిది లేదు. డైరెక్టరుకి రానిది మీకొచ్చింది. అది మీదే."

కుడివైపునుంచి చప్పట్లు. ఎడమవైపునుంచి కూడా. టార్చి బిత్తరపోయి చూస్తున్నాడు.

అప్పుడు తట్టుకోలేకపోయాడు ఆపరేటర్. తోడల్లుడు నవ్వులపాలైతే కూర్చోగలిగినవాడు, తనది తోడల్లుడి ఖాతాలో పడుతుంటే కూర్చోలేకపోయాడు. జాలితో లేచాడని తర్వాత కొందరు అన్నారు. అందులో జాలి ఆవగింజంత కూడా లేదు.

"అది వాడిది కాదు!" అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. "నాది. పదో రీలు తొమ్మిదో డబ్బాలో వచ్చింది. నేను చూసుకోకుండా వేశాను. తర్వాత తెలిసీ వేశాను. నూటపది రోజులు. వాడు కళ్ళతో చూసిందే చెప్పాడు. చేసింది నేను."

టార్చి నోరు తెరిచాడు. "అన్నయ్యా... తారుమారు చేశావా?"

"చేశాను."

"ముప్ఫై ఏళ్ళు చెప్పలేదా?"

"చెబితే ఆపరేటర్ అంటారా నన్ను?"

అమ్మాయి నాలుగడుగులు వేసి ఆయన దగ్గరకొచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు తన కోసం అని తెలిసి ఆపరేటర్ చొక్కా సర్దుకున్నాడు. "తెలిశాక ఎందుకు సరిచేయలేదు పెదనాన్నగారూ?"

"బాగుందనిపించింది."

"ఆ తలుపు తెరిచినప్పుడు హాల్లో జనం ఎలా ఉండేవాళ్ళు? వాళ్ళ ముఖాలు?"

ఆపరేటర్ ఆ ముఖాల కోసం వెతుక్కున్నాడు. పైగదిలో చేటంత కిటికీ కూడా లేదు, గోడకి చెయ్యి పట్టేంత కంత. అందులోంచి కనబడేది తలల వెనకభాగం. మిషను రొదలో మాటలూ వినబడవు. పైగా తొమ్మిదో డబ్బా తిరుగుతుంటే ఆయన చేతులు తరువాతి రీలు ఎక్కిస్తుండేవి. ఆ ఘట్టాన్ని ఆయన ఒక్కసారి కూడా నిలబడి చూడలేదు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు.

"నేను చెబుతా!" అన్నాడు టార్చి, కుర్చీలోంచి లేచి. "తెర ముందు నిలబడి జనంవైపు చూసేవాణ్ణి నేనే కదా. తెర వెలుగు ముఖాలమీద పడేది..."

"అయితే ఈయన చెప్పిందంతా నిజమేనర్రా!" అని లెక్కల మాస్టారు కేక పెట్టాడు. ఎడమవైపు కుర్చీలన్నీ కదిలాయి, కుడివైపువీ కదిలాయి. లోకంలో ఎక్కడా లేని సినిమాని మూడొందల ముప్ఫైసార్లు చూసిన మనిషి! రెండు జట్లూ కలిసి టార్చి చుట్టూ మూగాయి. అమ్మాయి ఆపరేటర్ భుజం తట్టి, "ఒక్క నిమిషం" అని ఫోను తీసుకుని అటే వెళ్ళింది.

"మూడో వరసలో ఒకావిడ ఉండేది" అంటున్నాడు టార్చి. "మొగుడితో పడక విడిగా ఉండేదట. తలుపు తెరుచుకోగానే లేచింది. నేను టార్చి వేశాను, బయటికేమో అని. కాదు. నడిచి వెళ్ళి, వెనక వరసలో ఒంటరిగా కూర్చున్న మొగుడి పక్కన కూర్చుంది..."

ఆపరేటర్ స్టూలు దగ్గరే నిలబడి విన్నాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. తన చేతి పొరపాటుకి లేచి నడిచిన మనిషి. ఆమె ముఖం కూడా వాడి దగ్గరే ఉంది. ఇంకా వినాలని ఉంది ఆయనకు, ఆ కోరిక పుట్టినందుకే ఒళ్ళు మండింది. గోడమీద బొమ్మ ఆగిపోయి ఉంది, సేనాని మొహం సగంలో. దాన్ని అలా వదిలేయడం పద్ధతి కాదు. వెళ్ళి ల్యాప్‌టాప్ మూత దించి తలుపువైపు నడిచాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

సగం మెట్లు దిగాక పైనుంచి వినబడింది: "అన్నయ్యని అడగండి, ఆ కాపీ ఏ నెలలో వచ్చిందో... అన్నయ్యా? అన్నయ్యా!"

ఆపరేటర్ సైకిళ్ళ దుకాణం ముందునుంచి, కళ్ళజోళ్ళ షాపు ఉన్న వీధిలోకి తిరిగాడు.