లోకల్ అంటే ఎన్నేళ్ళు

పోయినవాటిని ముందు లెక్క వేస్తాను. ఒక ప్రభుత్వ ఉద్యోగం. దాని చదువు కోసం వదులుకున్న హార్డ్‌వేర్ షాపులోని పద్దుల పని. దిల్‌సుఖ్‌నగర్‌లో తక్కువ కిరాయికి దొరికిన మేడమీది గది. ఆ ఇంటివాళ్ళ అబ్బాయితో తొమ్మిదేళ్ళ స్నేహం. ఇవన్నీ పోయింది ఒక్క ఇంగ్లీషు మాట దగ్గర: లోకల్.

ఆ మాట నాకు కొత్తది కాదు. రూపాయి బిళ్ళ డబ్బాలో వేసి మాట్లాడే రోజుల్లో లోకల్ అంటే దగ్గరి ఫోను. మా నాయన లారీ నడిపినన్నాళ్ళూ లోకల్ అంటే రాత్రికి ఇంటికి చేరే కిరాయి. ఎల్‌బీ నగర్ స్పేర్ పార్టుల దుకాణాల్లో లోకల్ అంటే కంపెనీది కాని చవక సరుకు. పన్ను పీకించుకోవడానికి పోతే, దవడ వరకే ఇచ్చే మత్తు. ఫుట్‌పాత్ మీద కొన్న పాత నిఘంటువులో చూశాను. లాటిన్‌లో లోకస్ అంటే చోటు. అందులోంచి పుట్టింది. చోటు అని మాత్రమే ఉంది, అక్కడ ఎన్నేళ్ళు ఉండాలో లేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్నప్పుడే గుమస్తా ఉద్యోగాలకు పరీక్ష పడింది. నేను పదో తరగతి వరకే బడికి పోయినవాణ్ణి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇంటివాళ్ళ అబ్బాయి డిగ్రీ చదివాడు. వాళ్ళది కృష్ణా జిల్లా, అతను పుట్టకముందే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇల్లు కట్టుకున్నారు. మేడ మీద చాప వేసుకుని ఇద్దరం చదివేవాళ్ళం.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వందల మందికి వండారు. నేను ఉల్లిగడ్డలు కోశాను. పక్కన గంటె తిప్పుతున్న మా ఊరాయన అడిగాడు.

"ఆంధ్రోళ్ళ మేడ మీద కూసొని తెలంగాణ నౌకరికి సదువుతున్నవట?"

"కిరాయి కడుతున్న గదనే."

"కట్టు కట్టు. రేపు నౌకరి గూడ ఆళ్ళకే కడ్తవు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

పరీక్షలో అతనికంటే నాకే మార్కులు ఎక్కువ వచ్చాయి. సర్టిఫికెట్ల పరిశీలనకు ఇద్దరం ఒకే రోజు వెళ్ళాం. అక్కడి గుమస్తాది కూడా నాలాగే నల్గొండ జిల్లాయే. నా కాగితాలు రెండుసార్లు తిరగేశాడు.

"ఏడో తరగతి నుంచి పది దాక గుంటూరు జిల్లల సదివినవా అన్నా?"

"కరువుల మా బాయి ఎండింది. నాయన ఆడ రైసు మిల్లుల లారీ నడిపిండు. పది కాంగనే మల్లొచ్చినం."

"లెక్క పదో తరగతి నుంచి ఎనకకు చూస్తరు. ఆఖరి నాలుగేళ్ళు ఏడ సదివితే ఆ జాగనే లోకల్. అవి ఆడనే అయినయి. ఏడేళ్ళు దీసినా మూడు ఈడ, నాలుగు ఆడ."

"ఒక్కటే తక్కువ."

"తక్కువే గదన్నా."

ఆ గుంటూరు బడిలో నాలుగేళ్ళూ నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. 'గట్లనా' అన్నందుకు తెలంగాణోడా అనేవాళ్ళు. కాగితం మీద మాత్రం నేను వాళ్ళవాణ్ణి. ఇంటివాళ్ళ అబ్బాయి ఒకటి నుంచి పది వరకు దిల్‌సుఖ్‌నగర్‌లోనే చదివాడు. లోకల్ కోటాలో అతనికి ఉద్యోగం వచ్చింది. అందరికీ వదిలిన కొద్దిపాటి ఓపెన్ పోస్టుల దాకా నా మార్కులు చాలలేదు.

సాయంత్రం స్వీటు డబ్బా పట్టుకుని మేడెక్కి వచ్చాడు.

"నువ్వు నేర్పకపోతే ఆ శాతాలు నాకెక్కేవా, చెప్పు. తీసుకోరా."

"సెట్లరోనివి, నువ్వు లోకల్ ఎట్లయితవు?"

అతను డబ్బా గోడ మీద పెట్టాడు. "పుట్టింది ఇక్కడ, చదివింది ఇక్కడ. ఇంకెక్కడికి పొమ్మంటావు నన్ను?"

ఆ నెలాఖరుకు గది ఖాళీ చేసి తుర్కయంజాల్ వైపు వెళ్ళిపోయాను. మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆ పని దిద్దుకోవాలని నాకు ఇప్పటికీ అనిపించదు.

ఊళ్ళో నాయనను అడిగాను, ఇంకొక్క ఏడాది ఆగి గుంటూరుకు పోతే ఏమయ్యేదని. అప్పటికి ముసలాయనకు వినికిడి తగ్గింది, మాట తగ్గలేదు.

"ఏడాది ఆగితే ఏం తిందువు? సర్టిఫికెట్ తిందువా?"

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు చౌరస్తాలో నేనూ రంగు చల్లాను. తర్వాత కొన్నేళ్ళకు నియమం మార్చారు. ఇప్పుడు ఒకటి నుంచి ఏడు వరకు ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. ఆ లెక్కన నావి ఆరు ఇక్కడివే. ఆ కాగితం అడిగే ఉద్యోగాలకు అప్పటికే నా వయసు దాటిపోయింది. ఇప్పుడు తుర్కయంజాల్‌లో సిమెంటు దుకాణం పద్దులు రాస్తున్నాను.

కరువుకు ఇల్లు విడిచిన పిల్లవాడి చదువులోంచి ఆ కరువు ఏళ్ళనే తీసేశారు. ఎవరి దగ్గర రాబట్టుకోవాలో తెలియదు. నాకు రావలసింది ఈ రోజుకీ ఒక ఏడాది.