గొట్టానికీ కొయ్యకీ మధ్య

నాన్న చివరిగా చేసిన పని, రొట్టెల పళ్లెంలో పరిచే కాగితాన్ని సన్నగా చింపి, తన స్నేహితుడు తౌనో బాబాయి రైఫిల్ గొట్టానికీ దాని కింది కొయ్యకీ మధ్య దూర్చి లాగడం. కాగితం ఎక్కడా తట్టుకోకుండా జారింది. "ఇక పరవాలేదు," అని కాఫీ తాగి పడుకున్నాడు. తెల్లవారి లేవలేదు.

ఆ అక్టోబరులో మూస్ అనే పెద్ద దుప్పుల వేట మొదలవగానే బాబాయి గురి తప్పి ఒక మృగాన్ని గాయపరిచాడు. కుక్కలు చీకటి పడేదాకా దాన్ని వెతకాల్సి వచ్చింది. మా ఊరి వేట సంఘంలో అలా చేసినవాడు తన కాపు, అంటే మాటువేసే చోటు, వదులుకుని, మృగాన్ని తోలేవాళ్లలో కలవాలి. లేదంటే ఆదివారం అందరి ముందూ మూడు గుళ్లు అరచేతంత చోట కొట్టి చూపాలి. చిత్తడి అంచున ఉన్న ఆ కాపు బాబాయికి తండ్రి నుంచి వచ్చింది.

నాన్న పింఛను తీసుకునేదాకా మా ఊరి రైఫిళ్ల ఫ్యాక్టరీలో గొట్టాలు సరిచేశాడు. గొట్టాన్ని కిటికీకేసి ఎత్తి, అడ్డకమ్మీ నీడ లోపల తిన్నగా సాగిందో లేదో చూసేవాడు. వంగితే మరతో నొక్కేవాడు. ఇంట్లో చీపురుకర్రనైనా కంటికి ఆనించి చూడనిదే కొననిచ్చేవాడు కాదు.

"ఒరేయ్ ఐమో, మీవాళ్లు చేసింది గొట్టమా, కొడవలా?" వంటింట్లోకి వస్తూనే అరిచాడు బాబాయి.

"గురిపలక మీద మొదటి గుండు ఎక్కడ తగిలింది?" అన్నాడు నాన్న.

"నడిమధ్య. రెండోది ఎడమకి. మూడోది ఇంకా ఎడమకి."

"వేడెక్కేకొద్దీ జరుగుతోందంటే దేనికో ఆనుకుంటోంది. వానకి తడిస్తే ఎక్కడ ఆరబెట్టావ్?"

"ఎక్కడేమిటి? సౌనాలో, పైబల్ల మీద. కోటు పక్కనే."

"వీపు కూడా రుద్దావా దానికి?"

"నవ్వకురా. నా కాపు పోతోందిక్కడ."

ఆ స్నానాల గది ఆవిరికి కొయ్య మెలితిరిగి గొట్టాన్ని ఒకపక్క ఒత్తుతోంది. నాన్న మరలు విప్పి కొయ్య ఊడదీశాడు. గొట్టాన్ని తిరగేసి కాసేపు చూశాడు.

"ఎందుకొచ్చిన గొడవ? గొట్టమే మార్పించేస్తా," అన్నాడు బాబాయి.

"గొట్టం జోలికి రాకు. కొయ్య గీకి ఇస్తా." నాన్న అంత గట్టిగా మాట్లాడటం అరుదు.

నాన్న పోయాక వచ్చిన ఆదివారం బాబాయి రానన్నాడు. "వాడు లేకుండా ఏం కాల్చను తల్లీ? తోలేవాళ్లతోనే పోతాను."

"నాన్న పని పూర్తిచేసే పోయాడు బాబాయ్. కాల్చు," అని రైఫిల్ చేతిలో పెట్టాను.

మూడు గుళ్లూ ఆయన అరచేతి కింద దాగాయి. కాపు ఆయనకే ఉండిపోయింది.

మంచు పడ్డాక, నూనె రాద్దామని కొయ్య ఊడదీసిన బాబాయి నన్ను పిలిచాడు. గొట్టం అడుగున, కొయ్య కప్పేసే చోట, సరిచేసినవాళ్లు తమ గుర్తు కొడతారు. అక్కడ చిన్న చేపగాలం ఉంది. అది నాన్న గుర్తు.