జపాన్ దయ్యాలకు మా ఇంట్లో ప్రార్థన

ఇరవై ఏళ్ళ వయసులో ఎవరికైనా తన దుఃఖమే లోకంలో మొట్టమొదటిదనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకూ అట్లాగే అనిపించింది. పైగా దానికి తగ్గ వేషం కూడా వేశాను. మార్కాపురంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతూ, ఒక కన్ను కప్పేట్టు జుట్టు కత్తిరించుకుని, నడి ఎండాకాలంలోనూ నల్ల చుడీదారే తొడుక్కుని (మా ఊరి ఎండలో నల్లబట్ట సుఖమేమిటో ఆ ఎండ తిన్నవాళ్ళకే తెలుసు), జపాన్ వాళ్ళ దయ్యాల బొమ్మల సీరియళ్ళు ఫోన్లో చూస్తూ గడిపేదాన్ని.

అప్పటికి అమ్మ పోయి ఏడు నెలలు. వచ్చిన చుట్టాలు "ఏడవబాక తల్లీ, మీ నాయన బెంగపడతాడు" అని నాకూ, "నువ్వేడిస్తే పిల్ల ఏమైపోతాది" అని నాయనకూ చెప్పి వెళ్ళిపోయారు. ఇద్దరం ఆ మాట నిలబెట్టాం. నాయన పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఒంటి మీది రాతి దుమ్ము కడుక్కుని, "తిన్నావా?" అనేవాడు. "తిన్నా" అనేదాన్ని. ఆ రోజుకు మాటలు అయిపోయేవి. ఆ బొమ్మల్లో మాత్రం ఎవరూ ఎవర్నీ ఏడవొద్దనరు. మన సినిమాల్లో దయ్యం వస్తే పరుగెత్తాలి. వాటిలో దయ్యం వస్తే, అదెందుకట్లా అయిందో కూర్చుని వినాలి. అందుకే నన్నవి పట్టుకున్నాయి.

నాయనకు గుబులు పుట్టింది. "ఏందమ్మా ఆ చైనా దయ్యాలు?" అన్నాడొకరోజు. "చైనా కాదు నాయనా, జపాన్." "యాడియైతే ఏంది, దయ్యాలే గదా!"

ఒక ఆదివారం చర్చిలో, ప్రసంగం జరుగుతుండగా (నా తప్పే, ఒప్పుకుంటున్నాను) ఒళ్ళో ఫోన్ పెట్టుకుని చూస్తుంటే, పక్కనున్న పెద్దమ్మ తొంగిచూసింది. సరిగ్గా అప్పుడే సగం మొహం లేని ఆడమనిషి తెరనిండా కనబడింది. పెద్దమ్మ "యేసయ్యా!" అని పెట్టిన కేకకు, ఆమెను వాక్యం తాకిందనుకుని సంఘమంతా "హల్లెలూయ" అన్నది.

ఆ మధ్యాహ్నమే అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రార్థన నూనె సీసాతో మా ఇంటికొచ్చారు. వెనకాలే పెద్దమ్మ. నాయన చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ముందు అదేందో చూపీ తల్లీ. తెలీకుండా దేన్ని గద్దించాల?" అన్నారు అయ్యగారు. ఆ మాట న్యాయంగానే తోచింది. చర్చిలో ఆగిపోయిన కథే మొదట్నుంచీ పెట్టి, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ తెలుగులో చెప్పసాగాను.

చనిపోయిన తల్లి రోజూ సాయంత్రం ఇంటికొస్తుంది. మొహం మారిపోయింది గనక ఇంట్లోవాళ్ళు జడుసుకుని తలుపేస్తారు. ఆమె ఎవర్నీ ఏమీ చెయ్యదు. గడప బయట పిల్లల చెప్పులు సర్దిపెట్టి వెళ్ళిపోతుంది.

నాలుగోసారి తలుపు మూసుకునేసరికి పెద్దమ్మ ఉండబట్టలేకపోయింది. "తియ్యండ్రా తలుపు, సచ్చినోళ్ళారా! మీ యమ్మరా!" అని ఫోన్ మీద అరిచింది. గద్దించడానికి ఎత్తిన చెయ్యి అయ్యగారు ఎప్పుడు దించారో నేను చూడలేదు.

గుమ్మం దగ్గర నుంచి నాయన గొంతు వినబడింది.

"మీ యమ్మ ఏ మొగంతో వచ్చినా నేను తీస్తా."

ఆయన గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుని, ఏడు నెలలుగా దాచుకున్నదంతా ఏడ్చాడు. ఫోన్ పడేసి పోయి పట్టుకున్నాను. ఊరుకోమని చెప్పబోయి, చెప్పలేక, నేనూ ఏడ్చాను.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి "ప్రభువా, ఈ ఇంట్లో తల్లి లేదు" అన్నారు. అక్కడితోనే ఆపేశారు. సీసా మూత తియ్యకుండానే వెళ్ళిపోయారు. పెద్దమ్మ మాత్రం వీధి మలుపు దాకా పోయి వెనక్కొచ్చి, "ఇంతకూ తీసినారా లేదా, అది చెప్పు" అంది. "ఆ భాగం ఇంకా రాలేదు పెద్దమ్మా" అంటే, నా మీద కోపగించుకుని మరీ పోయింది.

పొద్దువాలినాక నాయన నా పక్కన చేరి, "ఇంకోటుంటే పెట్టు" అన్నాడు. దయ్యం కనబడినప్పుడల్లా "ఈ యమ్మకెవరు పోయినారు?" అని అడిగేవాడు. చెప్పేదాన్ని. అట్లా మాటల్లో పడి అమ్మ దగ్గరికొచ్చాం. పెళ్ళైన కొత్తలో అమ్మను కంభం చెరువు చూపిస్తానని తీసుకుపోయి, వేరే బస్సెక్కించి పామూరులో దింపిన సంగతి ఆయన చెబితే, ఇద్దరం నవ్వాం కూడా.

ఇప్పుడు గిద్దలూరులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మొన్న సెలవుల్లో ఆ సీరియలే మళ్ళీ చూస్తే భయం రాలేదు గాని, అప్పటి నన్ను తలుచుకుని నవ్వొచ్చింది. ఏ దయ్యానికీ బెదరని ధైర్యవంతురాలిననుకునేది ఆ పిల్ల. దానికి భయమల్లా, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న నాయన మొహంలోకి చూడటమే. పిచ్చిది.