పది మీదికి ఒకటి

ఆ ఆదివారం మధ్యాహ్నం మా మామగారు ఆటకు కూర్చున్నది గెలవాలని కాదు. తన జ్ఞాపకం ఇంకా చెడలేదని పిల్లలకు చూపించాలని. పేటలో ఆయనకు దారాల అంగడి ఉంది. రోజూ బస్సులో వెళ్ళి తాళం తీసేది ఆయనే. ఆ మధ్య ఒకసారి మెజెస్టిక్ బస్టాండులో వేరే బస్సెక్కి యశవంతపురంలో దిగారు. మరోసారి షట్టరు దించి, తాళం వేయకుండానే ఇంటికి వచ్చేశారు. ఇక అంగడి చాలించమని నా భార్య, ఆమె తమ్ముడు పట్టుబట్టారు.

మా అమ్మాయి బల్ల మీద పరుస్తున్న ఆట వైపు ఆయన చెయ్యి చూపించారు. "దీంట్లో అంతా గుర్తుతోనే కదా పని? ఆడతా, చూడండి. ఒక్క ముక్క తప్పుగా గుర్తు పెట్టుకొన్నా అంగడి బీగంచెవి ఈడనే పెట్టిపోతా."

ఆట తెలియనివారికి రెండు మాటలు. చెరొక సైన్యం, సైన్యానికి నలభై ముక్కలు. ముక్క ముందువైపున్న అంకె దాని యజమానికే కనిపిస్తుంది. ఎదుటివానికి కనిపించేది వట్టి వీపు. పది సేనాధిపతి, తొమ్మిది అతని తరువాతివాడు, అలా దిగుతూ ఒకటి దాకా. జెండా, బాంబులు పెట్టిన చోటు నుంచి కదలవు. బల్ల నడుమ రెండు చెరువులుంటాయి. వాటిలోకి ఎవరూ దిగరాదు. ఎదుటివాని ముక్క మీదికి మన ముక్కను జరిపితే చిన్న అంకె పోతుంది, పెద్దది నిలుస్తుంది. జెండాను పట్టినవాడిది గెలుపు. పెద్దదే నిలవాలన్నదానికి ఒక ముఖ్యమైన మినహాయింపుంది. ఒకటి అంకె గూఢచారిది. ఎవరు తాకినా అతడు పోతాడు; కానీ తానుగా వెళ్ళి పదిని తాకితే, పోయేది పదే.

మామూలుగా ఎదురుపడిన రెండు ముక్కలనూ తిప్పి చూపించుకుంటారు. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. మూడో మనిషి తీర్పరిగా కూర్చుని, రెండింటినీ తానొక్కడే చూసి, ఓడినదాన్ని మాట్లాడకుండా తీసేస్తాడు. ఆ తీర్పరిని నేను. పీణ్యలో ఒక మెషిన్ షాపులో తనిఖీ నా ఉద్యోగం. కొలత తగ్గినదాన్ని పక్కన పెడతాను, ఎందుకని ఎవరూ అడగరు. తారీకులూ లెక్కలూ తప్పకుండా రాసుకొనే మనిషినని ఇంట్లోనూ నా మాటకు తిరుగు లేదు. తీర్పరిని ప్రశ్నించరాదన్న నియమం కూడా నేను పెట్టినదే.

మామగారు చక్కగా ఆడారు. ఎడమ చెరువు పక్కన అమ్మాయి ముక్కేదో ఆయన తొమ్మిదిని మింగింది. తొమ్మిదిని మింగేది పదే కదా. ఆయన దాని వీపు మీద నుంచి చూపు తిప్పలేదు. అది కదిలిన ప్రతిసారీ ఆయన తల కూడా కొద్దిగా కదిలేది.

"నీ పది ఏడుండాదో నాకు తెలుసు పాపా."

"తెలిస్తే పట్టుకో తాతా! ఊరికే బిల్డప్పెందుకు?"

ఆయన వెనక వరుస నుంచి ఒక ముక్కను మెల్లగా నడిపించుకొచ్చి, సరిగ్గా దాని మీదికి జరిపారు. నేను రెండూ ఎత్తి చూశాను. పది, ఒకటి. ఒకటిని తీసి డబ్బాలో వేశాను.

అమ్మాయి పకపకా నవ్వింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నా భార్య, "నాయనా, ఏది ఏదో మరిచిపోతివి కదా" అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. అందుకే ఆయనకు మరింత తగిలింది.

ఆయన బల్లను చూడలేదు, నన్ను చూశారు. "సరిగ్గా చూస్తివా అల్లుడా?"

"తీర్పరిని అడగకూడదు మామా" అన్నాను. నవ్వుతూ అన్నాను.

"అట్లయితే నేనే మరిచిపోయుంటాలే."

తరువాత ఆయన ఆట ఆటగా లేదు. కాసేపటికే జెండా పోయింది. లేచి చొక్కా సర్దుకొని, జేబులోంచి బీగంచెవి తీసి కూతురి చేతిలో పెట్టారు. "రేపట్నుంచి మీ తమ్ముణ్ణే తెరవమను" అని, కాసేపటికి తనను తీసుకుపోవడానికి వచ్చిన కొడుకుతో ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ముక్కలు డబ్బాలో సర్దుతూ అమ్మాయి అడిగింది: "ఆటైపోయింది కదా, ఇప్పుడు చెప్పు నాన్నా. తాత నా పది మీదికి దేన్ని తోసినాడు?"

"ఒకటిని" అన్నాను.

"ఒకటా?" చేతిలోని ముక్కలు బల్ల మీద పెట్టేసింది. "మరి పోవాల్సింది నా పది కదా నాన్నా!"

ఆ నియమాన్ని ఆమెకు నేర్పింది నేనే. రెండు అంకెలు కనిపించాయి, చిన్నదాన్ని పక్కన పెట్టాను. ఎవరు ఎవరి మీదికి వచ్చారన్నది చూడనే లేదు.

మరునాడు డ్యూటీకి ముందు బావమరిది ఇంటికి వెళ్ళాను. మామగారు నడవలో పేపరు ముందు పెట్టుకొని కూర్చున్నారు. తప్పు నాదని, ఆయన గుర్తు పెట్టుకున్నది అక్షరాలా సరైనదని చెప్పాను. కోప్పడతారని సిద్ధపడే వెళ్ళాను. కోప్పడలేదు.

"అది పదేనా?"

"పదే మామా."

"నాకు గట్టిగా తెలుసప్పా అది పదేనని. నువ్వు తీసేస్తివి. నువ్వు తప్పు చూస్తావని ఎట్లనుకుంటా? నా కండ్లనే అనుమానిస్తి." పేపరు మడుస్తూ, "పోనీలే, నువ్వేమన్నా కావాలని చేస్తివా" అన్నారు. నన్ను ఓదార్చవలసిన పని ఆ పూట ఆయన మీద పడింది.

బీగంచెవి ఆ సాయంత్రమే తిరిగి ఇప్పించాను. ఇంట్లో అందరి ముందూ నా తప్పు చెప్పాను. ఆయన మళ్ళీ అంగడి తెరుస్తున్నారు. ఇంతవరకు ఏ పొరపాటూ జరగలేదు.

కానీ రోజూ ఉదయం, నేను షాపులో కొలతలు చూసే గేజీలు తుడుచుకుంటున్న వేళకు, ఫోను మోగుతుంది.

"అల్లుడా, ఈ పొద్దు గురువారమే కదా?"

"గురువారమే మామా."

"అదే, నాకూ అట్లే అనిపించింది. ఒక మాట నిన్నడిగితే నిమ్మళం."

మీకు తెలిసిందే సరైనది, నన్నడగకండి అని చెప్పాలని ప్రతిరోజూ అనుకుంటాను. జవాబు చెప్పే ముందు మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూసుకుంటున్నాను.